కారే చెమట, ఆరే చెమట

హ్యూస్టన్ నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా బల్లమీద ఉంది. వారి అత్తగారూ మామగారూ పల్నాడు నుంచి జూన్‌లో వచ్చారట. ఇద్దరికీ ఏ.సీ. పడదు, కీళ్ళు పట్టేస్తాయంటారు. కొడుకూ కోడలూ ఆఫీసులకు బయల్దేరగానే దాన్ని కట్టేసి, దొంగల భయంతో కిటికీలు బిగించి, ఫ్యాను కింద కూర్చుంటారు. సాయంత్రం తలుపు తీసేసరికి ఇంట్లో 92 డిగ్రీలు. ఇదేమిటండీ అంటే, "రెంటచింతల పక్కన పుట్టినవాళ్ళం తల్లీ, 115 డిగ్రీల్లో పొలం వెళ్ళొచ్చాం, ఇదీ ఒక ఎండేనా!" అని మామగారు నవ్వేస్తారట. ఆయనకు బి.పి. ఉందనీ, రోజూ ఒక నీళ్ళ మాత్ర వేసుకుంటారనీ ఉత్తరం చివర చిన్నక్షరాలతో చేర్చారు. మా కళ్ళు ముందు పడ్డది ఆ చిన్నక్షరాల మీదే.

మామగారి మాటలో సగం నిజముంది. పల్నాటి ఎండను తట్టుకున్న మనిషి సామాన్యుడు కాడు. కాని ఆయన పోల్చకూడని రెంటిని పోలుస్తున్నారు. ఇంగ్లీషువాడు ఏ వేడినైనా "హీట్" అని ఊరుకుంటాడు గాని, మన భాషలో వీటికి వేర్వేరు మాటలున్నాయి. పల్నాటిది వడగాలి. బందరుది ఉక్కపోత. హ్యూస్టన్‌ది బందరు బాపతు. బందరు బంధువుల ఇంటికి ఎండాకాలం పెళ్ళికి వెళ్ళినప్పుడు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఊపిరాడక ఎప్పుడు బయటపడతామా అనిపించిందో లేదో మామగారిని అడిగి చూడండి. అక్కడ థర్మామీటరు రెంటచింతల కంటె ఎన్నో డిగ్రీలు తక్కువే చూపి ఉంటుంది.

ఎందుకిలా? బడిలో చదువుకున్న పాఠమే, ఒకసారి తిరగేద్దాం. లీటరు నీళ్ళను గది వేడినుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 75 కిలోకాలరీలు చాలు. (ఇక్కడి తినుబండారాల డబ్బాల మీద ఉత్త "కాలరీ" అని వేసేది ఈ కిలోకాలరీనే.) మరుగుతున్న ఆ లీటరూ పూర్తిగా ఆవిరైపోవాలంటే మరో 540 కావాలి. ఆ 540 ఖర్చవుతున్నంతసేపూ థర్మామీటరు 212 డిగ్రీల దగ్గర రాయిలా నిలబడి ఉంటుంది. పోసిన వేడి అంతా ఎటు పోయినట్టు? నీటి కణాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి పోయింది. దీన్ని మొదట సరిగ్గా పట్టుకున్నవాడు 1760 ప్రాంతాల్లో గ్లాస్గోలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్. ఆయన వృత్తిరీత్యా వైద్యుడే. ఆయన పెట్టిన పేరునే మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో గుప్తోష్ణం అన్నారు. దాగి ఉన్న వేడి అన్నమాట.

నీరు ఆవిరి కావడానికి మరగనక్కరలేదు. ఒంటిమీది చెమట చర్మపు వేడి దగ్గరే ఆరిపోతూ ఉంటుంది. అప్పుడు గ్రాముకు 540 కాదు, ఇంకా ఎక్కువ, సుమారు 580 కాలరీలు పట్టుకుపోతుంది. ఆ వేడి మన ఒంట్లోంచే పోతుంది. కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషి కూడా గంటకు రమారమి 80 కిలోకాలరీల వేడి పుట్టిస్తాడు. అది బయటికి పోయే దారి మొత్తం మూసుకుపోతే ఒంటి వేడి గంటకు రెండు డిగ్రీల ఫారన్‌హీటుకు పైగా పెరుగుతుంది. మూడు గంటలు చాలు, ప్రాణం మీదికి రావడానికి. చల్లని రోజున ఆ వేడి గాలిలోకీ గోడల్లోకీ తనంతట తానే పోతుంది. చర్మం వేడి 95 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది గనుక, చుట్టూ ఉన్న గాలి కూడా అంత వేడెక్కిందంటే ఆ దారి మూసుకున్నట్టే. అంతకు మించితే గాలే మనకు వేడి ఎక్కిస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. లెక్క కడితే గంటకు చిన్న కాఫీ గ్లాసెడు చెమట ఆరితే చాలు, కూర్చున్న మనిషికి సరిపోతుంది. ఎంత పొదుపైన యంత్రమో చూడండి!

చిక్కంతా ఆ "ఆరితే" అన్న మాటలో ఉంది. ఆరిన చెమట మాత్రమే వేడి తీసుకుపోతుంది. ముక్కు కొసనుంచి జారి నేలమీద పడ్డ బొట్టు దాదాపు ఏమీ తీసుకుపోదు. ఒంట్లోంచి నీళ్ళూ పోయాయి, ఉప్పూ పోయింది, వేడి మాత్రం ఉన్నచోటే ఉంది. గాలిలో తేమ నిండుగా ఉన్నచోట చెమట ఆరదు, కారుతుంది. "చెమటలు కారిపోతున్నాయి, ఒళ్ళు చల్లబడుతుందిలే" అనుకోవడం అందుకే పొరపాటు.

దీన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే, నీరు ఆరుతున్న కొద్దీ అది దిగుతుంది. ఎంతవరకు దిగి ఆగుతుందో, ఆ గాలిలో చెమటవల్ల మహా అయితే అంతవరకే చల్లబడగలమన్నమాట. మామగారి 115 డిగ్రీల పల్నాటి మధ్యాహ్నం గాలిలో తేమ 15 శాతం ఉందనుకుందాం. తడిగుడ్డ థర్మామీటరు సుమారు 76 దాకా దిగుతుంది. తలుపులు బిగించిన హ్యూస్టన్ ఇంట్లో 92 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకుందాం. అక్కడది 82 దగ్గరే ఆగిపోతుంది. మామూలు థర్మామీటరు ప్రకారం పల్నాడు 23 డిగ్రీలు ఎక్కువ వేడి. చెమట లెక్కన చూస్తే హ్యూస్టనే 6 డిగ్రీలు అధ్వాన్నం. ఈ కాగితాల మీద బొమ్మ సరిగా పడదు గనుక గ్రాఫు వేయలేదు. ఈ రెండు జతల అంకెలు మామగారికి చూపిస్తే చాలు.

తడిగుడ్డ థర్మామీటరు 95 చూపిన చోట నీడలో, గాలి తగిలేలా, ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకలేడని 2010 ప్రాంతాల శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీవారు పడుచు ఆరోగ్యవంతులను గదిలో ఉంచి చూస్తే, తేమగాలిలో 87, 88 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలుపెట్టింది. వాళ్ళు పాతికేళ్ళవాళ్ళు. డెబ్భై ఏళ్ళవారి హద్దు ఇంకా కిందే.

ఇలా గదిలో మనుషులను పెట్టి చూడడం కొత్తేమీ కాదు. 1775లో లండన్‌లో ఛార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు ప్రకటించిన ప్రయోగాలు ఏ కథకూ తీసిపోవు. జార్జి ఫోర్డైస్ అనే మరో వైద్యుడు గదులు సిద్ధం చేశాడు. పెద్ద సైంటిస్టులు కొందరు ఎండుగాలి గదుల్లోకి వెళ్ళి 200 డిగ్రీలు దాటిన వేడిలో నిలబడ్డారు. బ్లాగ్డెన్ 260 డిగ్రీల దాకా చూశాడు. పక్కన రేకుమీద పెట్టిన కోడిగుడ్లు 20 నిమిషాల్లో గట్టిగా ఉడికాయి, మాంసం ముక్క ఉడికి దాదాపు ఎండిపోయింది. లోపలి మనుషులు మాత్రం కాసేపాగి నడిచి బయటికొచ్చారు. ఇంతవరకు చాలామంది చెబుతారు. మాకు నచ్చింది దీనికి ముందరి ప్రయోగం. వేడినీళ్ళు పోసి ఆవిరి పట్టించిన గదిలో ఫోర్డైస్ 120, 130 డిగ్రీల వేడిలో కాసేపు నిలబడ్డాడు. ఒంటినుంచి నీళ్ళు ధారలు కట్టాయి. అదంతా చెమటేనా అని అనుమానం వచ్చి, ఒంటి వేడికి సమానంగా కాచిన నీళ్ళు పోసిన గాజు బుడ్డిని అదే గదిలో పెట్టారు. దాని మీద కూడా నీళ్ళు ధారలు కట్టాయి! గాజుకు చెమట పట్టదు గదా. అంటే గాలిలోని ఆవిరే మనిషి మీద నీరుగా మారుతోంది. అలా మారేటప్పుడు దాగి ఉన్న ఆ 580 కాలరీలనూ చర్మానికి అప్పజెబుతోంది. చెమట పని తిరగబడిందన్నమాట.

ఈ తిరగబడ్డ లెక్క వంటింట్లో రోజూ కాచుకునే ఉంటుంది. ప్రెషర్ కుక్కరు మూత తొందరపడి తీసినప్పుడూ, ఇడ్లీ పాత్ర మూత ఎత్తినప్పుడూ చేతికి తగిలే ఆవిరి, అంతే బరువు మరిగే నీళ్ళకు దాదాపు పదింతల వేడి ఇస్తుంది. మైక్రోవేవ్ పాప్‌కార్న్ సంచీ మొహం దగ్గర పెట్టుకుని విప్పే పిల్లలకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి. కాలిన చేతిని చన్నీళ్ళ కుళాయి కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు పెట్టకూడదు, టూత్‌పేస్టు అసలే రాయకూడదు.

మన పెద్దలకు గుప్తోష్ణం పేరు తెలియకపోయినా పని తెలుసు. కుండకు కన్నాలుంటాయనీ, పైకి చెమర్చిన నీరు ఆరితేనే లోపలిది చల్లబడుతుందనీ ఎరిగే కొత్త కుండ కొనేవారు. పాతబడి చెమర్చడం మానేసిన కూజాను పక్కన పెట్టేవారు. వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లడం, సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేయడం అందరం చూసినవే. హైదరాబాదులో మే నెలలో గదిని చల్లబరిచే కూలరు విశాఖపట్నంలో ఎందుకు పని చెయ్యదో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు. ఫీనిక్స్‌లో జూన్ నెలలో అదే కూలరు బ్రహ్మాండంగా పని చేస్తుంది, హ్యూస్టన్‌లో గదిని ఇంకా తడి చేస్తుంది.

ఏ.సీ. చేసేది కూడా ఈ పనే, కాకపోతే రెండుసార్లు. గొట్టాల్లో తిరిగే ద్రవం ఇంటి లోపల ఆవిరై గది వేడిని పుచ్చుకుంటుంది, ఇంటి బయట మళ్ళీ ద్రవమై దాన్ని కక్కేస్తుంది. ఈలోగా గదిలోని తేమ చల్లని గొట్టాల మీద నీరై బొట్లుబొట్లుగా బయటికి పోతుంది. 1902లో బ్రూక్లిన్‌లో విల్లిస్ కారియర్ కట్టిన మొదటి యంత్రం మనుషుల సుఖం కోసం కాదు, అచ్చాఫీసులో కాగితం తేమకు సాగకుండా ఉండడానికి. గాలిని ఎండబెట్టడమే దాని ఉద్యోగం. మామగారికి కావలసిందీ అదే. 

ఇల్లు కొన్న పాఠకులు "మూడు టన్నుల ఏ.సీ." అన్న మాట వినే ఉంటారు. ఆ టన్ను యంత్రం బరువు కాదు. టన్ను మంచు ఇరవైనాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో అంత, గంటకు 12,000 బి.టి.యు. బోస్టన్‌లో ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల మంచు కోయించి 1833లో కలకత్తాకు ఓడలో పంపిన కాలపు కొలత ఇంకా మన గరాజ్ పక్కన నడుస్తోంది. మద్రాసు బీచిలో వివేకానందులు 1897లో బసచేసిన ఐస్‌హౌస్ కూడా ఆ మంచు దాచడానికి కట్టినదే. ఫ్లోరిడాలో అపలాచికోలా అనే ఊళ్ళో జాన్ గోరీ అనే డాక్టరు జ్వరం రోగుల గదుల్లో పైకప్పుకు మంచు గిన్నెలు వేలాడదీసి, ఆ మంచు ఓడల్లో రావడం ఆలస్యమవుతోందని తానే మంచు చేసే యంత్రం కట్టి 1851లో పేటెంటు పుచ్చుకున్నాడు. పాపం, దానిమీద చిల్లిగవ్వ సంపాదించకుండా 1855లో పోయాడు. వాషింగ్టన్‌లో కాపిటల్ భవనానికి పిల్లలను తీసుకెళ్ళినప్పుడు ఫ్లోరిడా తరఫున ఆయన విగ్రహం ఉంటుంది, చూపించండి.

అసలు సంగతికి వస్తాం. 1995 జూలైలో షికాగోలో అయిదారు రోజుల ఉక్కపోతకు మామూలు కంటె 700 మందికి పైగా ఎక్కువ చనిపోయారు. చాలామంది ఒంటరిగా ఉన్న వృద్ధులు. దొంగల భయంతో కిటికీలు బిగించుకున్నవారు. తర్వాత సి.డి.సి. వైద్యులు ఇంటింటికీ తిరిగి విచారిస్తే, పనిచేసే ఏ.సీ. ఉన్నవారు బతికిపోయారని తేలింది. ఫ్యాను ఉన్నందువల్ల మాత్రం చెప్పుకోదగిన రక్షణ కనిపించలేదు. ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమట ఆరడానికి సాయం చేస్తుంది, అంతే. వయసు మళ్ళిన కొద్దీ చెమట తగ్గుతుంది, దాహమూ తెలియదు. చెమట లేని ఒంటిమీద వేడిగాలి విసిరే ఫ్యాను పొయ్యి ఊదే గొట్టం వంటిది.

దానికి మందులు తోడు. నీళ్ళ మాత్ర ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. నిద్రకూ జలుబుకూ ఇక్కడ కొట్లో చీటీ లేకుండా దొరికే బెనడ్రిల్ వంటివి చెమటను అణిచేస్తాయి. కొన్ని మానసిక వ్యాధుల మందులూ అంతే. బీటా బ్లాకర్లు గుండెను తొందరపడనివ్వవు. అయితే ఇది చదివి మామగారి మాత్ర మీరే మానిపించకండి. వేసవి అంతా ఏ మోతాదు ఉండాలో, ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరును అడగండి. గుండె నీరసంగా ఉన్నవారికి "నీళ్ళు బాగా తాగండి" అన్న సలహా కూడా అందరికీ చెప్పినట్టు చెప్పడానికి వీల్లేదు.

2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పు వీచినప్పుడు మేము హౌస్‌సర్జన్లం. దేశం మొత్తంమీద ఆ నెల రెండు వేలకు పైగా చనిపోతే అత్యధికులు మనవాళ్ళే. వడగాలి ఎండుగాలి గదా, చెమట ఆరుతుంది గదా, మరి ఎందుకు పోయారని అడగవచ్చు. ఆరడానికి చెమట ఉండాలి, చెమటకు ఒంట్లో నీరుండాలి. ఉపాధి పనికి వెళ్ళిన కూలీలు, మేకలు తోలుకెళ్ళిన ముసలివాళ్ళు, ఎండలో గంటకు లీటరు చొప్పున పోగొట్టుకుని, చెంబెడు తాగి మళ్ళీ పనిలోకి దిగినవారు. వార్డులో ఒళ్ళు పెనంలా కాలుతూ, సంధి మాటలు మాట్లాడుతూ వచ్చేవారు. వాళ్ళకు ఏ మందూ లేదు. బట్టలు తీసి, ఒంటినిండా నీళ్ళు చల్లి, నాలుగు వైపులా ఫ్యాన్లు పెట్టి, చంకల్లో గజ్జల్లో ఐసు ముక్కలు పెట్టేవాళ్ళం. కూజా చేసే పనే. తొందరగా చల్లబడినవారు కళ్ళు తెరిచేవారు. ఊళ్ళోనే తడిపి తీసుకొచ్చినవారికీ, కప్పుకున్న దుప్పటితోనే ఆటోలో తెచ్చినవారికీ తేడా మా కళ్ళతో చూశాం.

అంచేత ఇంట్లో పెద్దవారు వేడిలో ఉండి మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, తూలినా, ఒళ్ళు కాలుతున్నా ముందు 911కి ఫోను చేయండి. అది వచ్చేలోగా బట్టలు వదులు చేసి తడపడం మొదలుపెట్టండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. టైలెనాల్ ఇవ్వకండి, అది జ్వరానికి గాని వడదెబ్బకు పనిచేయదు. ఈ రెండూ వేరు. జ్వరంలో మెదడే వేడిని పైకి పెట్టుకుంటుంది, అందుకే పిల్లకు చన్నీళ్ళ గుడ్డ వేస్తే వణికిపోతుంది. వడదెబ్బలో మెదడు దించాలనుకుంటుంది, దించలేకపోతుంది. మరో మాట: పూర్వం జ్వరం పిల్లలకు స్పిరిటు రాసేవారు. తొందరగా ఆరి చల్లబరిచే మాట నిజమే గాని, చర్మం ద్వారానూ ఊపిరి ద్వారానూ అది లోపలికి పోయి పిల్లలు మగతలోకి వెళ్ళిన సంఘటనలున్నాయి. అమ్మమ్మగారు ఎంత బలవంతం చేసినా వద్దు.

ఇక ఏ.సీ. సంగతి. కీళ్ళు పట్టేస్తాయన్నది ఉత్త అపోహ అని కొట్టిపారేయం. నేరుగా చల్లగాలి తగిలితే పెద్దవారికి బాధగానే ఉంటుంది. 70లో పెట్టనక్కరలేదు. 78, 79 దగ్గర ఉంచి, గాలి రంధ్రం ఎదుటినుంచి వారి కుర్చీ, మంచం జరపండి. ఒక శాలువా ఇవ్వండి. తేమ పోతే ఆ 78 లోనే ఫ్యాను కింద హాయిగా ఉంటారు. కరెంటు బిల్లు గురించి పిల్లలకు భారమని మనసులో పెట్టుకుని కట్టేసే పెద్దలు చాలామంది ఉన్నారు. వారికి బిల్లు కాగితం చూపకండి. మధ్యాహ్నం ఒకసారి ఫోను చేసి, మాటల్లో పెట్టి, థర్మోస్టాటు అంకె చదివించండి. 2024 జూలై 8న బెరిల్ తుఫాను వచ్చి హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొందరికి వారం దాటినా రాలేదు. అటువంటప్పుడు ఏ లైబ్రరీకి, ఏ స్నేహితుల ఇంటికి తీసుకెళ్ళాలో ముందే అనుకుని ఉంచండి. కదలలేకపోతే తడి చొక్కా, చన్నీళ్ళ తొట్టి.

ఇప్పుడు మనం అటు వెళ్ళే సంగతి. ఎండకు అలవాటు పడ్డ ఒళ్ళు త్వరగా, ధారాళంగా చెమట పోస్తుంది, అందులో ఉప్పు తక్కువ. ఈ నేర్పు రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. చల్లని చోట కొన్ని వారాలుంటే పోతుంది. ఇక్కడ ఏళ్ళ తరబడి ఏ.సీ. ఇంటినుంచి ఏ.సీ. కారులోకి నడిచే మనకు అది ఎప్పుడో పోయింది, పుట్టింది రెంటచింతలలోనైనా సరే. బడి సెలవులు గనుక మే నెలాఖరులో పిల్లలతో దిగుతాం, దిగిన మూడో రోజే తిరుపతి మెట్లెక్కే మొక్కు. ఆ కొండ ఎక్కడం ప్రయాణం చివరి వారానికి మార్చుకోండి, అదీ తెల్లవారక ముందే మొదలుపెట్టండి.